రాతిరంగు వేసిన గోడ

కూలిపోయి ఒక మనిషిని చంపిన రాతిగోడ ఉన్నచోట మా బస్తీ ప్రెసిడెంటు చెక్కగోడ పెట్టించాడు. దానిమీద రాళ్ల రంగు వేయించాడు. అది తప్పు. ఆనాడు నలుగురిలో తప్పే అన్నాను, ఇవాళ రాస్తున్నప్పుడూ తప్పే అంటున్నాను.

మాది ఫిలింనగర్ కొండ కింద బస్తీ. పైన జూబ్లీహిల్స్ బంగళాలు. పైవాళ్లు కిటికీ తీస్తే మా ఇళ్ల రేకులు కనిపిస్తాయి, మేం తలెత్తితే వాళ్ల గోడల పునాదులు కనిపిస్తాయి. మా బస్తీలో దాదాపు అందరిదీ సినిమా పనే, కాకపోతే తెరమీద పేరు పడే పని కాదు. సెట్లు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు, గుంపు సీన్లలో నిలబడేవాళ్లు. నేను ఒళ్లు సహకరించినన్నాళ్లూ సెట్టింగు పనే చేశాను. బడి మొహం చూడలేదు. స్తంభాలూ విగ్రహాలూ పోత పోయడానికి పాత పేపర్లు చింపి జిగురులో నానబెట్టే పని మొదట్లో నాది. ఆ చింపడంలోనే అక్షరాలు పట్టుకున్నాను. అందుకని ఏ వార్తయినా నాకు సగమే తెలిసేది, మిగతా సగం ఏ మహారాజు సింహాసనంలోనో కలిసిపోయేది. ఆ కసితోనే తర్వాత దొరికిందల్లా చదివాను. చదివిందీ చూసిందీ మరిచిపోను. అదే నా జబ్బు.

ఆ రాతిగోడ మా ఇంటి వెనకే ఉండేది. పై స్థలాన్ని చదును చేసినప్పుడు మట్టి జారకుండా ఎవరో కట్టింది. నేను బస్తీకి వచ్చేనాటికే పాతబడి ఉంది. మా ఇంటికీ పక్కింటికీ వెనక ఒకటే సందు, ఆ సందుకు అవతలి వైపంతా గోడే. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే చోటు. మా ఇంటామె, పక్కింటామె మధ్యాహ్నమైతే అక్కడ చేరేవాళ్లు. పక్కింటామె భర్త ఎప్పుడో పోయాడు. గుంపు సీన్లకు పోతూ ఒక్క కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. పెళ్లి సీనయితే పెళ్లివారిలో ఉండేది, చావు సీనయితే ఏడ్చేవాళ్లలో ఉండేది. సాయంత్రం వచ్చి కాళ్లు చాపుకొని మా ఇంటామెకు ఆ రోజు కథ చెప్పేది.

"ఇయ్యాల నా మొగడు సచ్చిండక్కా. మళ్ల లేచి మళ్ల సచ్చిండు. మొదటిసారి సావు మంచిగ రాలేదంట. నా ఏడుపు మాత్రం మొదటిసారే ఓకే."

అప్పుడు ఇద్దరూ నవ్వే నవ్వు నాకు ముందుగదిలోకి వినపడేది. ఇద్దరికీ తలకు నూనె దట్టంగా పెట్టుకునే అలవాటు. గోడకు ఆనుకుని ఆనుకుని రాయిమీద నల్లటి మరకలు రెండు పడ్డాయి, పక్కపక్కనే. సున్నం కొట్టిస్తానంటే మా ఇంటామె ఒప్పుకునేది కాదు.

ఆ ఏడు వానలు పోయాయనుకున్నాక మళ్లీ పట్టుకున్నాయి. ముసురు, ఆమీద కుండపోత. బంగళాల నీళ్లు మెట్లమీదుగా మా సందుల్లోకి దిగుతున్నాయి. గోడ రాళ్ల మధ్యనుంచి ఎర్రనీళ్లు కారుతుంటే చూశాను. చూసినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ప్రతి ఏడూ కారేవే కదా అనుకున్నాం. ఆ మధ్యాహ్నం పక్కింటామె తడుస్తున్న కట్టెలు లోపలికి తెచ్చుకుందామని సందులోకి పోయింది. మా ఇంటామె చాయ్ పోసి, రమ్మని వెనక తలుపు దగ్గరనుంచి కేక వేస్తోంది. వస్తున్నా అన్న మాట వినపడింది. ఆ తర్వాత వినపడింది గోడ. ఉరుము అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నేను పరుగెత్తేసరికి మా ఇంటామె రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముందు సందు లేదు. మట్టి ఉంది.

మంచిని మంచి అనకపోతే నా కోపానికి విలువ ఉండదు. ఆ తర్వాతి రోజుల్లో మా ప్రెసిడెంటు చేసిన పని ఏ నాయకుడూ చేయడు. గోదావరి వైపునుంచి సెట్టు మేస్త్రీగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, నాకంటే చాలా చిన్నవాడు, నన్ను బాబాయ్ అంటాడు. కమ్యూనిటీ హాలు తెరిపించి, షూటింగులకు వండే మెస్సువాళ్లను బతిమాలి పొయ్యి వెలిగించాడు. లైట్లవాళ్లు జనరేటర్ తెచ్చారు. సినిమాల్లో వాన కురిపించే ట్యాంకరు ఉంటుంది చూశారూ, దాన్ని పిలిపించి ఇళ్లలో బురద కడిగించాడు. ఎవరింట్లో వాళ్లు విడిగా తినకూడదని కట్టడి చేశాడు. చనిపోయినామె కూతురు పటాన్‌చెరు నుంచి వస్తే, దినాలయ్యేదాకా ఆ పిల్ల పక్కన పూటకొక ఇంటి ఆడవాళ్లు కూర్చునేట్టు చూశాడు. దినాలయ్యాక ఆ పిల్ల సామాను సర్దుకుని, తలుపుకు తాళం వేసి పోయింది.

అదే వారంలో మా ఇంటామె బోరబండలో ఉన్న చెల్లెలింటికి పోయింది. కొన్నాళ్లుండి వస్తానంది. నేను పోయి అడిగితే రేపంది, ఎల్లుండంది, చివరికి ఆ ఇంట్లోకి నేను రానంది. ఒక్క ఆమే కాదు, సందు పక్కనున్న ఇళ్లన్నింట్లో అదే తీరు. కూలినచోట నీలం పట్టా కప్పారు. గాలికి అది లేచినప్పుడల్లా లోపలి ఎర్రమట్టి కనపడేది. పిల్లలు అటు చూడరు, ఆడవాళ్లు వెనక తలుపు తీయరు. మగవాళ్లు పనికి పోయి ఇంటికి రావడం ఆలస్యం చేసుకునేవాళ్లు. కొత్తగోడ కట్టాల్సింది పైయింటివాళ్లా, సర్కారా అన్నది తెగలేదు. నేను పైకి పోయి గేటు దగ్గర నిలబడ్డాను. సార్ షూటింగులో ఉన్నాడన్నాడు వాచ్‌మన్. మళ్లీ పోతే సార్ ఊళ్లో లేడన్నాడు. ఇంకోసారి నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే చేతులు జోడించాడు.

అప్పుడు ప్రెసిడెంటు కమ్యూనిటీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి తన ఆలోచన చెప్పాడు. స్టూడియోలో ఒక కోట సెట్టు విప్పేశారు, దాని ఫ్లాట్లు అడిగితే ఇస్తామన్నారు. ఫ్లాటంటే చెక్క చట్రానికి ప్లైవుడ్ కొట్టి మీద ప్లాస్టరు పూసిన పలక, అన్నీ కలిపి నిలబెడితే గోడవుతుంది. అసలు గోడ వచ్చేదాకా ఆ గుంత కనపడకుండా పెడదామన్నాడు. ఆ మట్టిని చూస్తూ ఎవరూ కోలుకోలేరన్నాడు.

నేను లేచి అది మోసమన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"కన్ను నమ్మితే ఒళ్లు నమ్ముద్ది బాబాయ్. మనం చేసే పనే అది కదా."

"కన్ను నమ్మితే మట్టి ఆగుతదా?" అన్నాను.

వెనకనుంచి లైట్లాయన ఒకడు, నిజమే కావాలంటే హిమాలయాలకు పోవాలె తాతా, ఫిలింనగర్‌ల నీకేం పని, అన్నాడు. హాలంతా నవ్వింది. చాన్నాళ్ల తర్వాత ఆ హాల్లో నవ్వు వినపడింది, అది నామీద.

పని మొదలయింది. బురదంతా ఎత్తిపోసి, సందు పొడవునా ఫ్లాట్లు నిలబెట్టి, వెనకనుంచి మోకులు కట్టారు. రంగులు వేసేది మా బస్తీవాడే. ముందు అన్ని రాళ్లూ ఒకేలా గీశాడు. అప్పుడు మొదలయ్యాయి మాటలు. గోడ కూలినప్పటినుంచి నోరు విప్పనివాళ్లు కూడా వచ్చి, ఇక్కడ తెల్లరాయి ఉండేదని ఒకరు, అక్కడ పగులు అడ్డంగా కాదు నిలువుగా ఉండేదని ఒకరు, తమ్ముడు కొట్టిన మేకు ఇక్కడే ఉండాలని ఒకరు. వెనక తలుపులు తెరుచుకున్నాయి. పీటలు బయటికొచ్చాయి. రంగులాయన ఓపిగ్గా అన్నీ వేశాడు. అన్నీ అయ్యాక, ఎవరు చెప్పారో తెలియదు, ఆ నూనె మరకలు కూడా వేశాడు, రెండూ పక్కపక్కన. నాకు ఒళ్లు మండింది. గోడంటే వేశావు, చచ్చిపోయిన మనిషి తల ఆన్చిన మరక వేయడానికి నీకు చెయ్యెట్లా వచ్చిందని అడిగాను. ఆ మనిషి బ్రష్షు కడుక్కుంటూ ఉండిపోయాడు.

చెల్లెలు తీసుకొస్తే చూసి పోదామని మా ఇంటామె వచ్చింది. సందులోకి పోయింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. గోడ పొడవునా నడిచి మరకల దగ్గర ఆగింది. వేలితో ముట్టుకుంది. రంగు ఇంకా ఆరలేదు, వేలికి నల్లగా అంటుకుంది. దాన్ని కొంగుకు తుడుచుకుని, కింద కూర్చుని, మెల్లగా తల ఆనించింది. చెల్లెలు చీకటి పడుతోంది పోదామంటే, నువ్వు పో అంది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగింది.

సంతోషించాలా వద్దా? సంతోషించాను. వేడి అన్నం తిన్నాను. కానీ కుదురుగా కూర్చోలేకపోయాను. ఆమె సందులో పీట వేసుకుని బియ్యం ఏరుకుంటుంటే నేను ఆ చెక్కకు చెవి ఆనించి వినేవాణ్ణి. లోపల మట్టి రాలే చప్పుడు. సన్నగా, ఎవరో చాటలో నూకలు చెరుగుతున్నట్టు. ఎండ కాసినా రాలేది. ఒక మబ్బు కనపడితే చాలు నేను ఇంటికీ సందుకూ మధ్య తిరగడమే. లోపలికి రమ్మంటే ఆమె రాదు. అది చెక్క, నువ్వు ఒరిగినా ఆగదు, వెనకున్న మట్టి ఒరిగినా ఆగదు అని చెప్తే, నాకెరుక లేదా అనేది. ఎరుకుండి ఎట్లా కూర్చున్నావంటే బియ్యంలో రాళ్లు చూసుకునేది. బస్తీలో అందరిదీ అదే తీరు. అది చెక్కని తెలియనివాళ్లు ఎవరు? సగం మంది చేతులు దానిమీద పడ్డవే. అయినా దానికి బట్టలు ఆరేశారు. పండక్కి పసుపు బొట్టు పెట్టారు.

నేను భయపడ్డది ఒకటి, అయింది ఇంకొకటి. గోడ సంగతి చూడటానికి మున్సిపల్ ఆఫీసునుంచి ఇంజనీరు వచ్చాడు. ఆ వేళ ప్రెసిడెంటు షూటింగులో ఉన్నాడు. ఇంజనీరు బూట్లకు బురద అంటుతుందని సందు మొగలోనే ఆగి, అక్కడినుంచే ఫోనుతో ఫొటో తీసి, రిటైనింగ్ వాల్ స్ట్రాంగ్‌గానే ఉంది కదా, అర్జెంట్ ఏముంది అని పక్కవాడితో అన్నాడు. అది గోడ కాదు సార్, సెట్టు, వచ్చి కొట్టి చూడండి అన్నాను. ఆయన నా భుజం తట్టాడు.

"పెద్దాయనా, మీరు సినిమావాళ్లు. మీకు ప్రతిదీ సెట్టే."

కారెక్కి వెళ్లిపోయాడు. మా రంగులాయన పనితనానికి అంతకంటే పెద్ద మెప్పు ఏ సినిమాకూ రాలేదు. ఆ రోజు ప్రెసిడెంటును ఇంటి గుమ్మంలోనే పట్టుకున్నాను. నాకూ నోరు ఆగలేదు. నువ్వు మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన గోడ మా అసలు గోడకు అడ్డం పడింది, రేపు వానొస్తే జవాబు నువ్వు చెప్తావా అని అడిగాను. ఆయన అక్కడే నిలబడి ఫోను చేశాడు. మళ్లీ వచ్చి చూస్తామన్నారు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. అడిగినప్పుడల్లా వస్తారు బాబాయ్ అనేవాడు.

ఎండలు ముదిరాయి. సాయంత్రాలు ఉరుములు మొదలయ్యాయి. ఒకరోజు గాలిదుమారం వచ్చి నాలుగు చినుకులు పడ్డాయి. చెక్క వెనకనుంచి ఎర్రటి తడి కిందికి దిగి సందులోకి పాకింది. మా ఇంటామె పీటను కొంచెం జరుపుకుంది. కొంచెం! ఆ జరుపుకోవడం చూశాక నాలో ఓపిక చచ్చిపోయింది.

ఇంజనీరు మళ్లీ వస్తాడని కబురు తెలిసిన పొద్దున సుత్తి తీసుకుని సందులోకి పోయాను. చివరి ఫ్లాటుమీద దెబ్బ వేశాను. ప్లాస్టరు పెచ్చు లేచింది. ఆ చప్పుడుకు తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముసలోడికి మతిపోయిందన్నారు. పిల్లలు ఇప్పుడిప్పుడే రాత్రిళ్లు నిద్రపోతున్నారు, మళ్లీ ఆ గుంత చూపిస్తావా అని ఒకామె ఏడ్చింది. ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకుని మళ్లీ కొట్టాను. అంతలో ప్రెసిడెంటు వచ్చాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన చెక్కకు చెవి ఆనించాడు, నేను రోజూ ఆనించినట్టే. చాలాసేపు విన్నాడు.

"ఫ్లాటు పగలగొట్టకు బాబాయ్," అన్నాడు. "మేకులు పీకుదాం."

అంతే. సెట్టు విప్పినట్టే విప్పారు. తిట్టినవాళ్లే వచ్చి మోకులు వదులు చేశారు, పలకలు భుజాలకెత్తుకున్నారు. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఒక్కొక్క పలకా పక్కకు పోతుంటే వెనకనుంచి మట్టి బయటపడింది. గుంతకు పైన మట్టిలో దిగి ఉన్న పెద్ద బండ కింద మేం కప్పినప్పుడు లేని ఖాళీ ఏర్పడి ఉంది. అది చూసి ఏడుస్తున్నామె కూడా ఊరుకుంది. మరకలున్న ఫ్లాటు దగ్గరికొచ్చేసరికి రంగులాయన చేతులు ఆగాయి. పిన్నీ, దీన్ని ఏం చేయమంటావని ప్రెసిడెంటు మా ఇంటామెను అడిగాడు. ఆమె లోపలికి పోయింది. కాసేపు చూసి, దాన్నీ మిగతావాటితోపాటే ఎత్తారు. అన్నీ వ్యానెక్కి స్టూడియోకి పోయాయి. ఫ్లాటు ఎప్పుడూ వృథా పోదు, మీద రంగు మారుతుంది. అది ఈపాటికి ఏ అంతఃపురమో ఏ ఆసుపత్రో అయి ఉంటుంది.

నేను ఇంట్లోకి పోయేసరికి మా ఇంటామె గిన్నెలన్నీ తోమి బోర్లించింది. సంచి సర్దుకుని ఉంది. ఆటో ఎక్కి బోరబండ పోయింది.

ఇంజనీరు వచ్చాడు. ఈసారి బూట్లు చూసుకోలేదు. బండ కింద ఖాళీ చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజే సందు పక్క ఇళ్లన్నీ ఖాళీ చేయించి మమ్మల్ని మళ్లీ హాలుకు పంపారు. యంత్రాలొచ్చాయి. పైయింటి సార్ కూడా ఉన్నట్టుండి ఊళ్లోకి వచ్చాడు. కాంక్రీటు గోడ లేచింది, బూడిదరంగుది, నీళ్లు పోవడానికి మధ్యమధ్య పైపులు పెట్టినది. మొదటి పెద్దవాన పడ్డప్పుడు నేను గొడుగు లేకుండా దాని ముందు నిలబడి చూశాను. పైపుల్లోంచి నీళ్లు బొళబొళ పోతున్నాయి. గోడ ఉలకలేదు. ఆ వానలోనే ప్రెసిడెంటు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నువ్వన్నదే నిజమని అంటాడేమోనని చూశాను. అనలేదు. తడిసింది చాలు, లోపలికి పోదాం బాబాయ్ అన్నాడు. జనం ఒక్కొక్కరే ఇళ్లకొచ్చారు. వెనక తలుపులు తీశారు. నాతో మాటలు కలిపారు, హిమాలయాలాయనతో సహా.

రానిది ఒక్క మా ఇంటామె.

బోరబండ స్టేషను దిగి ఆ ఎక్కుడు ఎన్నిసార్లు ఎక్కానో. పోయినప్పుడల్లా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది. మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగేది. చెల్లెలి మనవరాలి సంగతులు చెప్పేది. ఇంటి మాట ఎత్తగానే లేచి ఏదో పని చూసుకునేది. ఆమెకు భయం పోలేదని నా ఆలోచన. అందుకని ప్రతిసారీ గోడ సంగతే చెప్పేవాణ్ణి. ఎంత మందమో, లోపల ఎంత ఇనుము వేశారో, ఎన్ని వానలకు నిలబడిందో. నిజమైన గోడ అని నొక్కి చెప్పేవాణ్ణి. చెక్కగోడను నమ్మి వచ్చిన మనిషి కాంక్రీటును నమ్మి రాకపోతే నాకు కోపం రాదా? మీరే చెప్పండి.

మొన్న పోయినప్పుడు ఇక ఉండబట్టలేక అడిగేశాను. చెల్లెలు బజారుకు పోయింది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఉత్త చెక్కకు వచ్చినవు, అసలు గోడ కట్టిస్తే రావు, ఇంకేం గావాలె నీకు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఈసారి ఆమె లేచి పోలేదు. గ్లాసు కింద పెట్టి నా మొఖంలోకి చూసింది.

"గోడ మంచిగనే కట్టిండ్రయ్యా. గట్టిగనే ఉంటది, నాకు ఫికర్ లేదు. నేను గోడకు భయపడి వచ్చిన్నని నీకెవరు జెప్పిండ్రు? గాడికి వస్తే, మధ్యాన్నంపూట నేనెవరితోని కూసోవాలె? గది చెప్పు ముందుగాల."